పోయింది కంప్యూటరా, కరెంటా?

ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరు ఆగిపోతే మన వాళ్ళ నోట మొదట వచ్చే మాట "సీపీయూ పోయింది" అని. నిజానికి సీపీయూ అంటే తపాలా బిళ్ళంత చిన్న చిప్పు. బల్ల కింద నిలబెట్టిన పెద్ద డబ్బా పేరు క్యాబినెట్టు. చిప్పు పాడవడం చాలా అరుదు. ముందుగా మొండికేసేది దానికి కరెంటు అందించే దారి. ఆ దారి గోడ సాకెట్టు దగ్గర బయలుదేరి, ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్, ఎస్.ఎం.పి.ఎస్. దాటుకుని మదర్‌బోర్డుకు చేరుతుంది. ఇందులో ఏ మజిలీలో కరెంటు తడబడినా మనకు కనిపించేది ఒకటే, నల్లగా ఉండిపోయిన తెర.

కవరైపేట్టై చెన్నైకి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, పొన్నేరికీ గుమ్మిడిపూండికీ నడుమ ఉంది. అటు జి.ఎన్.టి. రోడ్డు, ఇటు రైలు మార్గం. ఇక్కడ కంప్యూటరు చెడితే చాలామంది చేసే పని మీకు తెలిసిందే. డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, గుమ్మిడిపూండి లోకల్లో సెంట్రల్‌కు చేరి, అక్కడినుంచి మౌంట్ రోడ్డు పక్కనున్న రిచ్చీ స్ట్రీట్‌కు మోసుకెళ్తారు. అక్కడి మెకానిక్ దాన్ని తన బల్ల మీది సాకెట్టుకు తగిలిస్తాడు. స్విచ్చి నొక్కగానే కంప్యూటరు చక్కగా లేచి కూర్చుంటుంది. "బాగానే ఉందే సార్!" అంటాడు. మళ్ళీ దుప్పటి, మళ్ళీ లోకల్ బండి. ఇంటికి తెచ్చి తగిలిస్తే యథాప్రకారం మౌనం. ఎందుకంటే తప్పు ఉన్నది గోడలో, డబ్బాలో కాదు. మోసుకెళ్ళింది మాత్రం డబ్బాను!

ఒక రోజు పోయింది, రానుపోను ఖర్చు పోయింది. అంతకంటే పెద్ద సంగతి, గోడలోని దోషం ఇంట్లోనే ఉండిపోయింది. అది కంప్యూటరుతో ఆగే దోషం కాకపోవచ్చు. దాన్ని పట్టిచ్చే పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అదే మల్టీమీటరు.

డెస్క్‌టాప్‌ల కాలం పోయింది కదా అని కొందరు అనవచ్చు. కవరైపేట్టైలో 1995లో ఆర్.ఎం.కె. ఇంజనీరింగు కళాశాల వచ్చింది. ఆ రోజుల్లో ఇంజనీరింగు చదివే పిల్లవాడికి కంప్యూటరు అంటే డెస్క్‌టాపే. 2011 నుంచి తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు పంచడంతో ఇళ్లలో వాటి సంఖ్య తగ్గినమాట నిజమే. అయినా జిరాక్సు దుకాణాల్లో, ఫోటో స్టూడియోల్లో, ఇ-సేవై కేంద్రాల్లో, మందుల షాపు బిల్లింగ్ బల్ల మీద ఈనాటికీ నడుస్తున్నది ఆ డబ్బాయే. 2025 అక్టోబరులో విండోస్ 10కు మైక్రోసాఫ్టు మద్దతు ఆపేయడంతో ఆఫీసులు వదిలించుకున్న పాత యంత్రాలు తక్కువ ధరకు ఇళ్లకు వస్తున్నాయి. వాటిలోని ఎస్.ఎం.పి.ఎస్. వయసెంతో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు.

మీటరుతో పరిచయం

మల్టీమీటరు కొత్త వస్తువేమీ కాదు. బ్రిటిష్ తపాలా శాఖలో ఇంజనీరుగా ఉన్న డొనాల్డ్ మెకాడీ, ఆంపియర్లకొకటి, వోల్టులకొకటి, ఓములకొకటి చొప్పున మూడు పరికరాలు మోయలేక మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. అది 1923లో 'ఏవో మీటరు' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు దొరికే పసుపుపచ్చ డిజిటల్ మీటరు దాని మునిమనవడు.

కొనేటప్పుడు ధర కంటే ముందు మూడు సంగతులు చూడండి. మీటరు మీద 'క్యాట్ 2' లేదా 'క్యాట్ 3' అనీ, పక్కనే 600 వోల్టులనీ ముద్రించి ఉండాలి. ఇంటి సాకెట్టులో అప్పుడప్పుడు వచ్చే ఉప్పెనలను తట్టుకునే తరగతిని అది తెలుపుతుంది. పట్టుకునే కడ్డీలకు వేళ్ళు ముందుకు జారకుండా ప్లాస్టిక్ గట్టు ఉండాలి. వైరు మీద ఎక్కడా పగులు ఉండకూడదు. వీటితోపాటు నల్ల వైరుకు తగిలించే మొసలి నోటి క్లిప్పు ఒకటి అడిగి తీసుకోండి. పదిరూపాయల వస్తువే గాని దాని ఉపయోగం ముందు ముందు చెబుతాను.

మీటరుకు మామూలుగా మూడు రంధ్రాలుంటాయి. 'కామ్' అన్నదానిలో నల్ల వైరు, వోల్టు గుర్తున్నదానిలో ఎర్ర వైరు పెట్టాలి. మూడోది 10 ఆంపియర్లది. మన పనికి దాని అవసరం లేదు, దాని జోలికి పోవద్దు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఎర్ర వైరు ఆ రంధ్రంలో ఉండగా కడ్డీలను గోడ సాకెట్టులో పెడితే మీటరు మీటరుగా ఉండదు, ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపే ఇనుప ముక్కతో సమానమవుతుంది. ఫెళ్ళుమని నిప్పులు లేస్తాయి. చవక మీటర్లు కొన్నింటిలో ఆ దారికి ఫ్యూజు కూడా ఉండదు. అలాగే డయల్ ఓముల మీద ఉండగా కరెంటును తాకకూడదు. ప్రతిసారీ కొలిచే ముందు రంధ్రం చూడాలి, డయల్ చూడాలి, ఆ తరువాతే చెయ్యి కదలాలి.

కొత్త మీటరును ముందు గోడ గడియారం సెల్లు మీద పరీక్షించండి. డయల్ డి.సి. 20 మీద పెట్టి కొత్త సెల్లుకు తాకిస్తే ఒకటిన్నర వోల్టుకు కాస్త అటూ ఇటూగా చూపాలి. పిల్లల చేత చేయించదగ్గ పని ఇది. గోడ సాకెట్టు మాత్రం పెద్దలదే. అదీ కాళ్ళకు పొడి రబ్బరు చెప్పులు, ఒంటి మీద పొడి బట్టలు ఉన్నప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల్లో చెమ్మెక్కిన గోడల సంగతి తిరువళ్ళూరు జిల్లా వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. చెమ్మ గోడ మీది సాకెట్టును ముట్టుకోకుండా వదిలేయడమే మేలు.

గోడ దగ్గర మొదలు

మన సాకెట్టుకు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కింద కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. మన దేశపు సాకెట్లకు పక్కనే స్విచ్చి ఉండటం ఒక వరం. స్విచ్చి ఆపి, మీటరు డయల్‌ను ఏ.సి. 750 మీద (కొన్నింటిలో 600 ఉంటుంది) పెట్టండి. 200 మీద కాదు సుమా, మన కరెంటు 230. కడ్డీలను రెండు రంధ్రాల్లో పెట్టి చేతులు తీసేయండి. తరువాత స్విచ్చి వేసి, అంకె చదువుకుని, మళ్ళీ స్విచ్చి ఆపి కడ్డీలు తీయండి. కడ్డీలు వాటంతట అవి నిలవకపోయినా, పిల్లల రక్షణ కోసం సాకెట్టుకు లోపల మూత ఉండి కడ్డీ దిగకపోయినా బలవంతం చేయవద్దు. పెన్నూ స్క్రూడ్రైవరూ దూర్చి ఆ మూత తెరిచేవారున్నారు, అది ఇంట్లో చేయదగ్గ పని కాదు. ప్లగ్గులాగా గుచ్చితే చాలు వోల్టులు చూపే చిన్న మీటర్లు దొరుకుతాయి, అవి వాడుకోండి. స్విచ్చి ఆపి ఉందన్న ధైర్యంతో లోహపు మొనను ముట్టుకోవద్దు. కొన్ని ఇళ్లలో స్విచ్చి పొరపాటున న్యూట్రల్ వైరు మీద ఉంటుంది, అప్పుడు స్విచ్చి ఆపినా ఫేజు బతికే ఉంటుంది.

ఇలా మూడుసార్లు కొలవాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230కి అటూ ఇటూగా రావాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఈ మూడో అంకె 230 చూపితే ఎవరో ఫేజునూ న్యూట్రల్‌నూ తారుమారు చేశారన్నమాట. రెండో అంకె 60, 90, 120 ఇలా నిలకడ లేకుండా తిరుగుతుంటే ఎర్తు వైరు ఎక్కడో తెగి గాలిలో వేలాడుతోందని అనుమానించాలి.

ఎర్తు సంగతి దగ్గర కాస్త ఆగుదాం, ఈ వ్యాసమంతటిలో ప్రాణానికి సంబంధించిన భాగం ఇదే. కంప్యూటరు వెనుక స్క్రూను తాకితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుందని చాలామంది అంటూ ఉంటారు. "కొంచెం షాకు, పరవాలేదు" అని సర్దుకుపోతారు కూడా. అది ఎందుకొస్తుందంటే, ఎస్.ఎం.పి.ఎస్. లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు క్యాబినెట్టు లోహానికి కలిపి ఉంటాయి. రేడియో గోలను అణచడానికి వాటిని పెడతారు. వాటి గుండా వచ్చే అతి స్వల్పమైన కరెంటు ఎర్తులోకి పోవాలి. ఎర్తు లేకపోతే క్యాబినెట్టు సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. మీరు తాకితే ఆ స్వల్ప కరెంటు మీ గుండా పోతుంది. చురుక్కుమనిపించడం తప్ప అది చేసే హాని తక్కువే. అయితే అది చెబుతున్న వార్త చిన్నది కాదు, మీ ఇంట్లో ఎర్తు లేదని. రేపు ఎస్.ఎం.పి.ఎస్.లోనో, అదే బోర్డుకు తగిలించిన ఇస్త్రీపెట్టెలోనో ఫేజు వైరు ఊడి లోహానికి తగిలితే ఫ్యూజు కొట్టేసే దారి ఉండదు. తాకిన మనిషే దారి అవుతాడు.

అందుకే ప్లగ్గుకు పైకాలు విరిచేసి రెండు రంధ్రాల బోర్డులో గుచ్చే పని మానిపించండి. ఎర్తు గుంట ఉన్నవాళ్ళు రోహిణి కార్తె ఎండల్లో దానికి రెండు బిందెల నీళ్ళు పోయండి, నేల ఎండిపోతే ఎర్తు బలం తగ్గుతుంది. మన మీటరు ఎర్తు ఉన్నదీ లేనిదీ మాత్రమే చెప్పగలదు. పెద్ద కరెంటును మోయగలంత గట్టిగా ఉందా అన్నది ఎలక్ట్రీషియన్ తన ఎర్తు టెస్టరుతో తేల్చాలి. ఆయన వచ్చినప్పుడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించుకుంటే ఇంకా మంచిది.

తుఫాను దెబ్బ తిన్న ప్రాంతం వాళ్ళకు ఇంకొక మాట. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నై, తిరువళ్ళూరు జిల్లాల్లో కరెంటు స్తంభాలను ఎంతగా పడగొట్టిందో చూశాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ వానలూ చూశాం. లైను కలిపేటప్పుడు మూడు ఫేజులకు ఉమ్మడిగా ఉండే న్యూట్రల్ తెగి ఉంటే, 230 రావలసిన ఇంటికి 300, ఒక్కోసారి 400 దాకా రావచ్చు. పక్కింటికేమో 100 రావచ్చు. ఒక వీధిలో బల్బులన్నీ ఫట్ ఫట్‌మని పేలాయంటే కారణం ఇదే. కాబట్టి తుఫాను తరువాత కరెంటు వచ్చిందనగానే కంప్యూటరు, ఫ్రిజ్జు తగిలించకుండా ముందు మీటరుతో చూడండి. 260 దాటితే మెయిన్ ఆపేసి ఈబీ వాళ్ళకు చెప్పండి. 2021లో మొదలైన మిన్నగం కేంద్రం నంబరు 94987 94987.

యూపీఎస్ మాయ

గోడ సరిగానే ఉంటే తరువాతది యూపీఎస్. 2012లో తమిళనాడును పీడించిన కరెంటు కోతల పుణ్యమా అని ఇన్వర్టరు చాలా ఇళ్లలో సంసారంలో భాగమైపోయింది. చవక యూపీఎస్, ఇన్వర్టరు బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఇచ్చే కరెంటు గోడ కరెంటులా మెత్తని అల కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. చవక మీటరు మెత్తని అలకే లెక్క కట్టి ఉంటుంది కాబట్టి అక్కడ తప్పు అంకె చూపిస్తుంది. 190 చూపిందనో 250 చూపిందనో యూపీఎస్‌ను పారేయకండి. 'ట్రూ ఆర్.ఎం.ఎస్.' అని రాసి ఉన్న మీటరైతేనే ఆ అంకెను నమ్మవచ్చు. ఇంకో సంగతి, యూపీఎస్ ప్లగ్గు గోడనుంచి పీకేసినా దాని వెనుక రంధ్రాల్లో 230 ఉంటుంది. ప్లగ్గు తీశాం కదా అని వైర్లు ముట్టుకునే చేతులకు ఇది గుర్తుండాలి.

డబ్బా లోపల

ఇక క్యాబినెట్టు. ప్లగ్గు పూర్తిగా తీసి, ముందు బటన్‌ను రెండు మూడు సార్లు నొక్కి, పక్క పలక విప్పండి. ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. లోపల ఉన్నది 12 వోల్టులే గదా, షాకు కొట్టదు గదా అంటారేమో. షాకు కొట్టదు, కాని ఆ 12 వోల్టుల వెనుక పదుల ఆంపియర్లుంటాయి. ఉంగరం అడ్డుపడితే క్షణంలో ఎర్రగా కాలి వేలికి అంటుకుంటుంది.

వెనుక మూలన ఇనుప పెట్టెలో ఉన్నదే ఎస్.ఎం.పి.ఎస్. దాని స్క్రూలు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. లోపలి పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టుల డి.సి. నిలవ ఉంటుంది, కొత్త రకాల్లో 400కు దగ్గరగా. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు అలాగే కాచుకుని ఉంటుంది. మన కొలతలన్నీ దాని బయటికి వచ్చిన వైర్ల దగ్గరే. మరీ పాత యంత్రాల్లో, 1990ల నాటి ఏ.టి. రకం వాటిలో, ముందు స్విచ్చి దాకా 230 వోల్టులే వస్తాయి. అటువంటిది మీ ఇంట అటక మీద ఉంటే దాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, కొలవకండి.

అమెరికాలో ఉన్న అబ్బాయి వాడి పంపిన డబ్బా అయితే ఎస్.ఎం.పి.ఎస్. వెనుక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్చి ఉందేమో చూడండి. అక్కడి కరెంటు 120 వోల్టులు. స్విచ్చి 115 మీద ఉండగా మన గోడకు తగిలిస్తే పెద్ద చప్పుడుతో ఆ ప్రయాణం ముగుస్తుంది. కొత్తవాటిలో చాలా మటుకు ఈ స్విచ్చి ఉండదు, 100 నుంచి 240 దాకా వాటంతట అవే సర్దుకుంటాయి.

ఎస్.ఎం.పి.ఎస్. నుంచి వచ్చే వైర్ల గుత్తిలో వాడకుండా వేలాడే నాలుగు రంధ్రాల తెల్ల కనెక్టరు ఒకటి తరచుగా ఉంటుంది. మనకు అన్నిటికంటే అనువైన చోటు అదే. దాని లోహం లోతుగా ఉంటుంది గనుక కడ్డీ జారి రెంటినీ కలిపే భయం తక్కువ. మొసలి క్లిప్పుతో మీటరు నల్ల వైరును క్యాబినెట్టులో రంగు లేని లోహానికి పట్టించండి. దీనితో ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, ఆ చేతిని వెనక్కి పెట్టుకోండి. డయల్ డి.సి. 20. ఇప్పుడు ప్లగ్గు పెట్టి, కంప్యూటరు వేసి, ఎర్ర కడ్డీతో కొలవండి.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏ.టి.ఎక్స్. పద్ధతి ప్రకారం పసుపు వైరులో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3 ఉంటాయి. నలుపన్నీ సున్నా. నూటికి 5 వంతుల తేడాను అనుమతిస్తారు. అంటే పసుపు 11.4 నుంచి 12.6 లోపల, ఎరుపు 4.75 నుంచి 5.25 లోపల, నారింజ 3.14 నుంచి 3.46 లోపల ఉండాలి. పసుపు, ఎరుపు ఆ తెల్ల కనెక్టరులోనే దొరుకుతాయి. నారింజకు మదర్‌బోర్డుకు గుచ్చిన 24 వైర్ల పెద్ద కనెక్టరు వెనుకనుంచి, వైరు దిగే సందులోంచి కడ్డీ మొన పెట్టాలి. కొన్ని కంపెనీ యంత్రాల్లో రంగుల వరస వేరుగా ఉంటుంది, కొత్త ఎస్.ఎం.పి.ఎస్.లలో అన్ని వైర్లూ నలుపే. అక్కడ రంగును నమ్మకుండా పెట్టె మీది పట్టిక చూసుకోవాలి.

బటన్ నొక్కినా కదలని యంత్రానికి అసలు పరీక్ష ఊదా వైరుది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపి ఉన్నా సరే, అందులో 5 వోల్టులుండాలి. అందుకే ప్లగ్గు తీయకుండా లోపలి కార్డులు పీకకూడదు. గోడ నుంచి కరెంటు వస్తున్నా ఊదాలో ఏమీ లేకపోతే ఎస్.ఎం.పి.ఎస్. పోయిందనే చెప్పవచ్చు. ఊదా బాగుంటే ఆకుపచ్చ వైరు చూడండి. మామూలుగా అందులో 5కు దగ్గరగా ఉండి, బటన్ నొక్కగానే సున్నాకు పడిపోవాలి. పడకపోతే తప్పు బటన్‌దో మదర్‌బోర్డుదో. పడినా పసుపులో 12 రాకపోతే ఎస్.ఎం.పి.ఎస్. మీద అనుమానం. బోర్డులో ఎక్కడో షార్టు ఉన్నా ఎస్.ఎం.పి.ఎస్. తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది కాబట్టి, వేరేది పెట్టి చూశాకే తీర్పు చెప్పాలి.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయే యంత్రాన్ని ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే లాభం లేదు. పిల్లవాడిని ఆట ఆడమని చెప్పి అప్పుడు పసుపు వైరు చూడండి. 12.1 ఉన్నది 11.3కు దిగజారి ఆగిపోతుంటే ఎస్.ఎం.పి.ఎస్. అలసిపోయింది. అంకెలన్నీ బాగున్నా ఆగిపోతుంటే మాత్రం మీటరును నిందించవద్దు. అది సెకనుకు రెండు మూడు సార్లే చూస్తుంది, ఆ మధ్యలో జరిగే కుదుపులు దాని కంటికి ఆనవు. అవి చూడటానికి ఆసిలోస్కోపు కావాలి. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే మాత్రం మన కంటికే తెలుస్తుంది. 2000 తరువాత కొన్నేళ్ళపాటు నాసిరకం కెపాసిటర్ల వల్ల అలా ఉబ్బిన బోర్డులు ప్రపంచమంతటా కనిపించాయి.

కంప్యూటరు తేదీ, టైము రోజూ మరిచిపోతుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి సి.ఆర్. 2032 సెల్లును కొలవండి. కొత్తది 3 వోల్టుల పైన ఉంటుంది. 2.8 కంటే దిగితే మార్చేయవచ్చు, దీనికి రిచ్చీ స్ట్రీట్ దాకా పోనక్కరలేదు, గడియారాల దుకాణంలోనే దొరుకుతుంది.

కొలిచిన అంకెలను తేదీతో సహా ఒక చీటీ మీద రాసి పలక లోపలివైపు అంటించి మూసేయండి. ఆరు నెలల తరువాత మళ్ళీ కొలిచినప్పుడు పసుపు ఎంత దిగిందో అప్పుడు తెలుస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళవలసి వస్తే "పోయింది" అనడానికి బదులు "ఊదా ఉంది, పసుపు రావడం లేదు" అని చెప్పగలరు. మీటరు తెర మీద చిన్న బ్యాటరీ బొమ్మ కనిపిస్తే మాత్రం ఆ రోజు అంకెలను రాసుకోకండి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపడం మామూలే, ముందు దాన్ని మార్చి మళ్ళీ కొలవండి.